మసక వెలుగుకు మందు బల్బు కాదు

తెలుగు పాఠం చెప్పుకొనేవాడు మోటారు బండ్ల తీగెల గూర్చి వ్రాయబూనటమేమిటని కొందరికి విడ్డూరంగా తోచవచ్చును. సంచిక సంపాదక వర్గంవారు నన్ను కోరినది ప్రబంధ కవుల వర్ణనల మీద ఒక వ్యాసం. అది వచ్చే సంవత్సరం వ్రాసినా ప్రబంధ కవులకు వచ్చే నష్టమేమీ లేదు. ఈ విషయం మాత్రం అంతవరకు ఆగరానిదని నా అభిప్రాయం. మన విద్యార్థుల ఇండ్ల ముందు నిలిచే పాత కార్లు, జీపులు, సరకుల బండ్లలో మసక దీపాలతో రాత్రులు తిరిగేవి చాలా ఉన్నవి. వాటి యజమానులు కొత్త బల్బు కొని బిగించి, పని అయిపోయిందని తృప్తి పడుతున్నారు. నేనూ ఒకప్పుడు అట్లే తృప్తి పడినవాడినే.

మా ఇంట ఒక పాత అంబాసిడర్ కారు కలదు. 1996లో మా అబ్బాజాన్ దానిని మరొకరి చేతి నుండి కొన్నారు. ఆ కార్ల తయారీ 2014లోనే నిలిచిపోయింది. పదునైదేండ్లు దాటిన బండి కనుక అయిదేండ్లకొకసారి రిజిస్ట్రేషను పునరుద్ధరించుకోవలసి వస్తున్నది. అయినను ఆయన దానిని వదలరు. మూడేండ్ల క్రిందట గిద్దలూరులో బంధువుల ఇంట వలీమా విందుకు వెళ్లి, రాత్రి తిరిగి వస్తున్నాము. నల్లమల ఘాటు దిగి నంద్యాల వైపు మైదానంలో పడ్డాము. నేనే నడుపుతున్నాను. ప్రక్కన అబ్బాజాన్; వెనుక అమ్మ, మా అక్క పిల్లలు నిద్రలో ఉన్నారు. వరిగడ్డి ఎత్తిన ట్రాక్టరు ట్రాలీ ఒకటి రోడ్డు అంచున ఆగి ఉన్నది. దాని వెనుక ఎర్రదీపం లేదు. గడ్డి రంగు, రోడ్డు దుమ్ము రంగు, నా హెడ్‌లైట్ల వెలుగు రంగు మూడును ఒక్కటే. ట్రాలీ చక్రం దగ్గర గొంతుకూర్చుని ఒక మనిషి జాకీ తిప్పుతున్నాడు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. నేను చూసి, బ్రేకు వేసి, బండి ఆగేసరికి ఆ మనిషికీ నా బంపరుకూ నడుమ మూరెడు దూరం మిగిలింది. అతడు మెల్లగా లేచి, లుంగీ దులుపుకొని, "లైట్లేసుకోని రాగూడదా సార్?" అన్నాడు.

లైట్లు వేసే ఉన్నవి. రెండును వెలుగుతూనే ఉన్నవి. ఎర్రదీపం లేకుండా బండి ఆపటం అతని తప్పని వాదించవచ్చును. నాకు నోరు రాలేదు.

మరునాడే పట్టణంలో ఒక దుకాణానికి వెళ్లాను. దుకాణదారు బల్బులు తీసి చూసి, "ఇవి 60/55 వాట్లవి సార్, 100/90 వేయండి, పట్టపగలే" అన్నాడు. వేయించాను. మొదట నిజంగానే వెలుగు పెరిగింది. ఎదుటి బండ్లవారు మాత్రం నన్ను చూడగానే తమ దీపాలను ఆర్పి వెలిగించి కోపం తెలియజేసేవారు. మూడవ వారం ఒక రాత్రి డాష్‌బోర్డు వెనుక నుండి కాలిన వాసన వచ్చింది. స్విచ్చి ముట్టుకోలేనంత వేడిగా ఉన్నది. చూస్తుండగానే రెండు దీపాలూ ఒక్కసారి ఆరిపోయినవి. మసక వెలుగుతోనైనా ఇల్లు చేరేవాడిని. ఆ రాత్రి రోడ్డు ప్రక్కన తెల్లవారేదాకా కూర్చోవలసి వచ్చింది. దుకాణదారును అడిగితే, "పాత బండి సార్, అంతే" అన్నాడు. తప్పు పాత బండిది కాదని తరువాత తెలిసింది. 100 వాట్ల బల్బులు రెండు కలిసి 12 వోల్టుల దగ్గర దాదాపు 17 ఆంపియర్లు తాగుతాయి. 10 ఆంపియర్లకు మించని పనికి పెట్టిన స్విచ్చి గుండా, సన్నని తీగె గుండా అంత ప్రవాహాన్ని పంపితే కాలక ఏమవుతుంది?

మన భౌతికశాస్త్ర శాఖలోని మిత్రుడొకరు నా కథ విని నవ్వి, ప్రయోగశాల నుండి మల్టీమీటరు తెచ్చి ఇచ్చారు. పాత వాట్ల బల్బులే మళ్లీ పెట్టి, కాలిన స్విచ్చి మార్చి, ఇంజను నడుస్తుండగా, దీపాలు వెలుగుతుండగా కొలవమన్నారు. బ్యాటరీ కొనల వద్ద 13.8 వోల్టులు. బల్బు కొనల వద్ద 11.4 వోల్టులు. అనగా 2.4 వోల్టులు దారిలో ఎక్కడో ఖర్చయినవి. ఎక్కడ ఖర్చయినవో కూడ మల్టీమీటరే చెబుతుంది. దాని ఒక ముల్లు బ్యాటరీ ధన కొన మీద, రెండవ ముల్లు బల్బుకు కరెంటు వచ్చే కొన మీద పెట్టగా 1.9 చూపింది. అట్లే బ్యాటరీ రుణ కొనకు, బల్బు ఎర్తు కొనకు నడుమ 0.5 చూపింది. విద్యార్థులు గమనించవలసినది ఇక్కడే. దీపం ఆర్పి కొలిస్తే ఈ నష్టం కనబడదు. ప్రవాహం ఉన్నప్పుడే నిరోధం తన వాటా తీసుకొంటుంది.

పాత కారులో హెడ్‌లైటుకు పోయే కరెంటు దారి వింతైనది. బ్యాటరీ బానెట్టు క్రింద, దీపాలకు దగ్గరలోనే ఉన్నది. కరెంటు మాత్రం అక్కడి నుండి డాష్‌బోర్డు స్విచ్చిదాకా వెనక్కి వచ్చి, కాలి క్రింది డిప్పరుకు దిగి, మళ్లీ ముందుకు పోవాలి. ఆ డిప్పరు తడి చెప్పుల నీరు కారే చోటనే ఉన్నది. ఎన్నో వానాకాలాల బురద దాని లోపల చేరి ఉన్నది. నా కారులో ఆ దారి సుమారు 5 మీటర్లు, తీగె అడ్డుకోత 1 చదరపు మిల్లీమీటరు. రాగి నిరోధం ఆ మందానికి మీటరుకు 0.0172 ఓములు. డిమ్ములో రెండు బల్బులకు కలిపి దాదాపు 9.2 ఆంపియర్లు. గుణించి చూడండి, తీగె ఒక్కటే 0.8 వోల్టు మింగుతున్నది. మిగిలిన 1.1 వోల్టు స్విచ్చి, డిప్పరు, చిలుము పట్టిన జాయింట్లు సుంకంగా వసూలు చేసుకొంటున్నవి.

2.4 వోల్టులు పోతే ఏమంత మునిగిందని అడగవచ్చును. 13.8లో అది 17 శాతమే. కాని తీగె వేడెక్కి వెలిగే బల్బు వెలుగు వోల్టేజికి సరిసమానంగా తగ్గదు. సుమారు దాని 3.4వ ఘాతం చొప్పున తగ్గుతుంది. వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు 30 శాతం పోతుంది. నా లెక్కలో 17 శాతానికి దాదాపు సగం పోయింది. మిగిలిన సగం కూడ తెల్లదనం కోల్పోయి పసుపుపచ్చగా మారింది. వరిగడ్డి ట్రాలీ ఆ వెలుగులో కలిసిపోవటంలో ఆశ్చర్యం లేదు. కంపెనీవారు ఇచ్చిన బల్బులో సగం వెలుగును దారిలో పారబోస్తూ, బల్బు పెద్దదైతే బాగుండునని నేను దుకాణానికి పరుగెత్తాను.

దీనికి మందు రిలే అనే చిన్న పెట్టె. ఒక సన్నని కరెంటు లోపలి తీగచుట్టను అయస్కాంతం చేస్తుంది. ఆ అయస్కాంతం ఒక రేకును లాగి మరొక బలమైన కరెంటుకు దారి తెరుస్తుంది. 1835 ప్రాంతంలో అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ రూపొందించిన ఏర్పాటు ఇది. తరువాత టెలిగ్రాఫులో పనికి వచ్చింది. ఆ పేరు అలసిన గుర్రాన్ని దింపి కొత్త గుర్రాన్ని కట్టే మజిలీ నుండి వచ్చింది. మన దేశంలో డాక్ చౌకీలంటే ఇవే. 14వ శతాబ్దంలో ఇబ్న్ బతూతా ఇక్కడి గుర్రపు తపాలాను, కాలినడక తపాలాను చూసి మెచ్చుకొని వ్రాశాడు. ఒకే గుర్రం ఢిల్లీ నుండి దౌలతాబాదు దాకా పరుగెత్తలేదు గదా! పాత స్విచ్చి నుండి వచ్చే అలసిన కరెంటును బల్బు దాకా పరుగెత్తించక, రిలే దాకా మాత్రం తెచ్చి, అక్కడ బ్యాటరీ నుండి నేరుగా వచ్చే తాజా కరెంటుకు సంచి అప్పగించటమే మనం చేసే పని. రిలే తీగచుట్ట తాగేది 0.2 ఆంపియరుకు లోపే. స్విచ్చికి ఇక వేడెక్కే పని లేదు.

ఒక ఆదివారం ఇంటి వాకిట ఈ పని చేశాను. సామగ్రి అంతా కలిపి వేయి రూపాయలకు లోపే అయింది. హోల్డర్లతో రెండు రిలేలు, 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగె, రెండు ఫ్యూజులు, లగ్గులు, వేడికి ముడుచుకొనే గొట్టాలు. మొదట చేయవలసినది బ్యాటరీ రుణ కొన విప్పి ప్రక్కన పెట్టటం. దీనిని మరచి స్పానరు జారితే రవ్వలు లేస్తాయి. డిమ్ముకొక రిలే, బ్రైటుకొక రిలే. రిలే కాళ్ల మీద అంకెలుంటాయి. 30 అన్న కాలికి బ్యాటరీ నుండి ఫ్యూజు ద్వారా వచ్చే లావు తీగె. 87 నుండి బల్బులకు లావు తీగె. 86కు పాత తీగె, అనగా ఇంతకాలం బల్బుకు పోయినది. 85 ఎర్తుకు. అయిదు కాళ్ల రిలే అయితే నడుమనున్న 87ఎ అనే కాలి జోలికి పోరాదు. దీపం ఆర్పినప్పుడు కరెంటు ఉండేది దానిలోనే. రెండవ వైపు బల్బు నుండి విప్పిన పాత తీగెల కొనలను విడివిడిగా మూసి కట్టివేయాలి.

ఫ్యూజు గూర్చి ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. దానిని బ్యాటరీకి జానెడు దూరంలోనే పెట్టాలి. కొందరు రిలే దగ్గర పెడతారు. అప్పుడు బ్యాటరీకీ ఫ్యూజుకీ నడుమ తీగె ఒరుసుకొని బాడీకి తగిలితే ఆపేవాడెవడూ లేడు. తీగె ఎర్రగా కాలుతుంది, దానితో బండియూ కాలవచ్చును. 60/55 వాట్ల బల్బులకు ఒక్కొక్క దారికి 15 ఆంపియర్ల ఫ్యూజు చాలును. తీగె రేకు రంధ్రంలో దూరేచోట రబ్బరు కమ్మి ఉండాలి. ఇంజను పొగగొట్టానికి, ఫ్యానుకు దూరంగా పోవాలి. రిలేలను కాళ్లు క్రిందికి ఉండేటట్లు బిగిస్తే వాననీరు లోపల నిలువదు. కేవలం మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు మన ఎండలకు రెండేండ్లలో జిగురు కారి ఊడిపోతుంది. లగ్గు నొక్కి బిగించాలి.

ఎర్తు దగ్గర నేను దాదాపు ఒక గంట గడిపాను. బల్బు ఎర్తు తీగె బాడీకి బిగించిన చోట రంగు, తుప్పు కలిసి పొరలు కట్టి ఉన్నవి. ఉప్పుకాగితంతో రుద్ది మెరిసే ఇనుము వచ్చేదాకా తీశాను. కొత్తగా లావు ఎర్తు తీగెను బ్యాటరీ రుణ కొన దాకా వేశాను. కొత్త తీగెలు వేసే చాలామంది ధన వైపునే పట్టించుకొంటారు. పోయిన కరెంటు తిరిగి రావాలిగదా. నా కారులో నష్టంలో అయిదవ వంతు ఆ తిరుగు దారిలోనే ఉన్నది.

మగ్రిబు వేళకు పని ముగిసింది. కొలిస్తే ధన వైపు 0.3, ఎర్తు వైపు 0.1 వోల్టు. బల్బు వద్ద 13.4. పాత 60/55 బల్బులే. వెలుగు మాత్రం ఇంచుమించు ముప్పావు వంతు పెరిగింది. దీనికి ఒక మూల్యం కూడ కలదు. ఎక్కువ వోల్టేజిలో బల్బు ఆయుష్షు తగ్గుతుంది. తరచుగా మార్చుకోవలసి రావచ్చును. నేను దానికి సిద్ధమే.

పని అంతటితో ముగిసిందని దీపాలు వేసుకొని బయలుదేరటం మరొక తప్పు. పెరిగిన వెలుగు ఎటు పోతున్నదో చూడాలి. చదునైన చోట గోడకు 10 మీటర్ల దూరంలో బండి నిలిపి, దీపం నడిమి ఎత్తును గోడ మీద సుద్దతో గీయాలి. డిమ్ములో వెలుగు పై అంచు ఆ గీతకు 10 నుండి 15 సెంటీమీటర్లు దిగువన పడాలి. మనం ఎడమ వైపున నడిచేవారం కనుక ఎడమ వైపు మాత్రమే వెలుగు కొంచెం పైకి లేస్తుంది, అంచున నడిచేవాడు కనబడటానికి. మా అబ్బాజాన్ చిన్ననాట దీపాల పై సగానికి నల్లరంగు పూసేవారట. ఎదుటివాడి కండ్ల మీద ఆ కాలంవారికున్న జాలి 100 వాట్ల బల్బులు అమ్మేవారికి, కొనేవారికి లేదు. ఇప్పుడు దానికి తోడు, పాత అద్దంలో ఎల్.ఇ.డి. బల్బు బిగించే మోజు వచ్చింది. ఆ అద్దం వంపు సన్నని తీగె ఒకటి ఫలానా చోట వెలుగుతుందని లెక్కించి చేసినది. వెలిగే భాగం ఆకారం మారితే వెలుగు రోడ్డు మీద పడక నలుదిక్కులా చెదరుతుంది. నడిపేవాడికి అంతా తెల్లగా కనబడుతుంది; ఎదుటివాడికి ఏమీ కనబడదు. దీనిని నేను అభివృద్ధి అనలేను.

ఇదంతా చదివి రేపే శ్రావణం పట్టుకొని ప్రతి బండి మీదా పడవలదని విద్యార్థులకు నా మనవి. కంప్యూటరు నియంత్రణలో దీపాలు వెలిగే కొత్త కార్ల తీగెలను కోయరాదు. కొన్ని జపాను పద్ధతి బండ్లలో స్విచ్చి ఎర్తు వైపున ఉంటుంది. అక్కడ పై లెక్క తలక్రిందులవుతుంది కనుక కోయక ముందే కొలిచి చూడాలి. ఇంజను మాగ్నెటో నుండి నేరుగా వెలిగే పాత స్కూటరు దీపానికి ఈ వైద్యం పనికిరాదు. అది ఇంజను వేగంతో పెరిగి తరిగే దీపం. 2017 ఏప్రిల్ నుండి వచ్చిన ద్విచక్ర వాహనాలలో హెడ్‌లైటు పగలు కూడ వెలిగే ఏర్పాటు ఉన్నది. దానిని ఆర్పటానికి స్విచ్చి పెట్టించుకొనే వారిని మన కళాశాలలోనే చూశాను. అది మరమ్మతు కాదు. గత సంవత్సరం ఒక విద్యార్థి తన మోటారు సైకిలుకు ఫ్యూజు లేకుండా అదనపు దీపాలు పెట్టి తీగెలన్నీ కాల్చుకొన్నాడు. తెలివైనవాడే. పరీక్షలో ఓమ్ నియమానికి పూర్తి మార్కులు వచ్చినవాడు.

ఆ విద్యార్థి సంగతి చెప్పింది అతనిని తప్పు పట్టటానికి కాదు. నియమం వ్రాయించి, మార్కులు వేసి, తీగె మాత్రం అతని చేతికి ఇవ్వనివారం మనమే. 1827లో ఆ నియమాన్ని గ్రంథస్థం చేసిన జార్జ్ ఓమ్ తాళాలు చేసేవాని కొడుకు. కొలోన్ నగరంలో పాఠశాల ఉపాధ్యాయుడుగా ఉంటూ, ఆ పాఠశాల ప్రయోగశాలలోనే తన పరిశోధనలు చేశాడు. మన విద్యార్థులలో మెకానిక్కుల పిల్లలు, ఆటో నడిపేవారి పిల్లలు ఎందరున్నారో పాలక మండలి పెద్దలకు నాకంటె బాగుగా తెలుసు. ఇంట చేతిపని ఉన్నది, కళాశాలలో సూత్రం ఉన్నది. రెండూ ఒక బల్ల దగ్గర కలవటం లేదు. భాష కూడ ఇందుకు అడ్డు కాదు. ఉర్దూలో శాస్త్రం చెప్పటానికి హైదరాబాదులో 1917లోనే దారుల్ తర్జుమా వెలసింది. తెలుగులో 1968 నుండి తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాలు వేసింది. రెసిస్టెన్సును ఒకరు మజాహమత్ అన్నారు, ఒకరు నిరోధం అన్నారు. రెండు మాటలకూ అడ్డగింపు అనే అర్థం. కాలి క్రింది డిప్పరులో బురద చేసే పని అదే.

కాబట్టి పాలక మండలివారికి ఒక విన్నపం. నెలకొక శనివారం మధ్యాహ్నం ప్రయోగశాల తెరిచి ఉంచండి. పట్టణంలో ముప్పది ఏండ్లుగా బండ్ల వైరింగు చేస్తున్న చాచాలలో ఒకరిని పిలిచి, భౌతికశాస్త్ర అధ్యాపకుని ప్రక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టండి. మొదటి పాఠానికి మా అంబాసిడర్‌ను తెస్తాను. అబ్బాజాన్ ఒప్పుకొన్నారు, తాను కూడ వస్తానన్న షరతు మీద. పెద్ద ఖర్చేమీ లేదు. బీరువాలో రెండు మల్టీమీటర్లున్నవి. ఒకటి నేను అరువు తెచ్చి తిరిగి ఇచ్చినది, బాగున్నది. రెండవ దానిలో 9 వోల్టుల బ్యాటరీ ఎన్నడో కారిపోయి కొనలు పచ్చబడి ఉన్నవి. దానికొక కొత్త బ్యాటరీ, ఒక ఉప్పుకాగితం ముక్క మంజూరు చేయవలసి ఉన్నది.